మూతపడని ఫిర్యాదు

నిజామాబాద్ నుంచి ఫోన్ చేసిన పెద్దమనిషి నిప్పులు కక్కుతున్నాడు.

"పోయిన నెల ఒక చార్జరు కాలింది, దాని బదులు మీరు పంపిన కొత్తది గూడ పెనమోలె కాలుతున్నది! ల్యాప్‌టాప్ అమ్మిన్రా, కుంపటి అమ్మిన్రా? మీరు మనుషులేనా? మిమ్మల్ని కోర్టుకు గుంజకపోతే నా పేరు మార్చుకుంట!"

అద్దాల గదిలో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్న హైమవతి పెదవి విప్పలేదు. విప్పాల్సిన పని లేదు. ఎదురుగా తెర మీద ఆ పెద్దమనిషి ఊపిరి ఎర్రటి గీతై ఎగిరెగిరి పడుతోంది. ఆమె వెనక నిలబడి చూస్తున్నవాడు భూపాల్, సారణి ల్యాప్‌టాప్ కంపెనీకి హనుమకొండలో ఉన్న వినియోగదారుల సేవాకేంద్రానికి పెద్ద. హైమవతి అక్కడ శబ్దాల ప్రయోగశాల చూస్తుంది. ప్రయోగశాల అంటే పెద్దగా ఊహించుకోవద్దు, రెండు గదులు, ముగ్గురు మనుషులు, ఎప్పుడూ సరిగ్గా పనిచేయని ఒక ఏసీ.

పెద్దమనిషికి జవాబు చెబుతున్నది "నెమ్మది". అది యంత్రం. దాని గొంతు మాత్రం ఆడమనిషి గొంతు.

"అవునండీ, అవునండీ, రెండోసారి కూడా అంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుందండీ," అంది నెమ్మది గబగబా, ఆ పెద్దమనిషి ఎంత వేగంగా మాట్లాడుతున్నాడో అంతే వేగంగా. తర్వాతి మాట పిసరంత తగ్గించి అంది. ఆ తర్వాతిది ఇంకో పిసరు. మాటకూ మాటకూ మధ్య మెత్తగా ఊపిరి తీసింది. అవతల ఆయనకు తెలియకుండానే ఆయన ఊపిరి దీన్ని పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. మనిషి ఊపిరి పక్కమనిషి ఊపిరిని వెంబడిస్తుందని తల్లి పక్కన పడుకున్న పసిపిల్లను చూసిన ఎవరికైనా తెలుసు. హైమవతి చేసిందల్లా ఆ వెంబడించడానికి పగ్గం వేయడమే.

ఎర్ర గీత ఎగరడం మానింది. అలలయింది. సాఫీ అయింది. రంగు మారి ఆకుపచ్చగా వెలిగింది.

"సరే తియ్ బిడ్డా," అన్నాడు పెద్దమనిషి. "నువ్వు మాత్రం ఏం జేస్తవ్. తిన్నవా?"

"తిన్నానండీ. మీరు ముందు కాసిని నీళ్ళు తాగండి."

"తాగుత, తాగుత. ఉంట మరి."

తెర మీద "మూత" అని పడింది. ఫిర్యాదు మూతపడిందన్నమాట. చార్జరు సంగతి అడిగినవాడు మరిచిపోయాడు, వినేది యంత్రం కాబట్టి దానికి అసలే పట్టలేదు. భూపాల్ మాత్రం చప్పట్లు కొట్టాడు.

"చూసినవా హైమా మేడం? కోర్టన్న మనిషి తిన్నవా అని అడుగుతున్నడు!"

మూత కథ చెప్పకపోతే ఇక ముందు జరిగేది అర్థం కాదు. ఒకప్పుడు ఫిర్యాదు తీరిందని రాసేది ఫోనెత్తిన ఉద్యోగులే. పై నుంచి ఒత్తిడి వస్తే తీరనివి కూడా తీరాయని రాసేసి చేతులు దులుపుకునేవాళ్ళు. ఆ మోసం పడలేక కంపెనీ కొత్త పద్ధతి పెట్టింది. ఫిర్యాదు తీరిందో లేదో ఉద్యోగి చెప్పకూడదు, వినియోగదారుడి ఊపిరే చెప్పాలి. ఊపిరి సర్దుకుంటే మూత, సర్దుకోకపోతే ఆ చార్జరు పరీక్ష బల్ల మీదికి వెళ్ళి ఇంజనీరు చేత విప్పించుకోవాలి. ఊపిరి అబద్ధం ఆడదు కదా అని అందరూ సంబరపడ్డారు. నెమ్మది రాకముందు అది నిజమే.

ఆ నెలలో పరీక్ష బల్ల మీదికి ఒక్క చార్జరు కూడా రాలేదు. కాబట్టి చార్జర్లు బాగైపోయాయని కంపెనీ తేల్చేసింది.

*

నెమ్మది గొంతు హైమవతిదే. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, ఆమె గర్వంగా చెప్పుకుంటుంది కూడా. ఎవరికీ చెప్పనిది ఇంకొకటుంది. నెమ్మది మొదటి పాఠం నేర్చుకున్నది ఆమె కూతురి ఏడుపు మీద.

సంహిత పదో తరగతిలో ఉండగా ఖోఖో రాష్ట్రజట్టు శిబిరానికి ఎంపికైంది. పరీక్షల ముందు వద్దంది తల్లి. పిల్ల ఇల్లు పీకి పందిరేసింది. వంటింటి గుమ్మంలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. హైమవతి పక్కన కూర్చుని ఒళ్ళు నిమురుతూ, గొంతు తగ్గించుకుంటూ, "ఇది కోపం కాదు నాన్నా, అలసట అంతే. ముందు నీళ్ళు తాగు," అని మాట్లాడుతూ పోయింది. చీకటి పడేసరికి పిల్ల తల్లి ఒళ్ళో తల పెట్టుకుని, "సరే అమ్మా, పోను తియ్," అనేసింది. ఆ సాయంత్రమంతా గ్యాసు గట్టు మీద ఫోను రికార్డు చేస్తూనే ఉంది. కోపం ఎక్కడ మొదలై ఎక్కడ విరుగుతుందో, ఏ మాటకు విరుగుతుందో, అంత శుభ్రంగా దొరికిన నమూనా ప్రయోగశాలలో ఇంకొకటి లేదు. అప్పటికి అది తప్పని హైమవతికి తోచలేదు. పిల్ల ఊరుకుంది, పని జరిగింది, ఒక్క దెబ్బకు రెండూ కలిసొచ్చాయనుకుంది.

సంహిత మళ్ళీ ఖోఖో ఆడలేదు. ఆడొద్దని ఎవరూ అనలేదు, ఆమెకే ఆడాలనిపించలేదు. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. తండ్రిది రామగుండం విద్యుత్ కేంద్రంలో ఉద్యోగం, ఆదివారాలు వస్తాడు. ఇంట్లో ఎక్కువగా తల్లీకూతుళ్ళే. హైమవతి ఎప్పుడైనా గొంతు మెత్తగా పెడితే చాలు, పిల్ల చటుక్కున లేచి వేరే గదిలోకి పోతుంది. "నాతోని ఆ గొంతు పెట్టకు," అంటుంది. ఎందుకని అడిగితే తనకే తెలియదు.

నిజామాబాద్ ఫోన్ వచ్చిన రోజు పొద్దున కూడా అలాగే జరిగింది. చార్జరు మంచం మీద పెట్టుకుని చదువుతుంటే పాదానికి తగిలి చురుక్కుమందట, చిన్న బొబ్బ లేచింది.

"మీ కంపెనీదే అమ్మా! వాసన గూడ వస్తుంది, చూడు."

"చూస్తాలే నాన్నా. ముందు దానికి కాస్త..."

"గదిగో, పెట్టినవ్ గొంతు!" అంటూ సంచీ భుజాన వేసుకుని సంహిత కాలేజీకి వెళ్ళిపోయింది. చార్జరు విషయం హైమవతి పెద్దగా పట్టించుకోలేదు. కంపెనీ లెక్కలో చార్జర్లు బాగున్నాయి కదా.

*

చౌరస్తా వెనక సందులో హైమవతి ఆడబిడ్డ కౌసల్యకు ఎంబ్రాయిడరీ దుకాణం ఉంది. ల్యాప్‌టాప్‌లో డిజైను గీసి పంపితే పక్కన కుట్టు మిషను దానంతటదే జాకెట్ మీద నెమళ్ళు కుట్టేస్తుంది. కౌసల్య నోరు మంచిదే గాని పెద్దది. పోయిన నెలంతా మరదలు కనిపిస్తే చాలు వాయించింది. "మీ సారణోళ్ళ చార్జరు చూడు హైమా, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పట్టుచీరలుండే దుకాణం, ఒక్క రవ్వ పడితే నేను నెత్తిన చెంగేసుకోవాలె!"

అలాంటి వదిన నుంచి కొన్నాళ్ళుగా ఉలుకూ పలుకూ లేదు. జాకెట్ తీసుకోవడానికి వెళ్ళిన హైమవతికి గుమ్మంలోనే మాడు వాసన కొట్టింది.

కౌసల్య మిషను ముందు కూర్చుని కూనిరాగం తీస్తోంది. చార్జరు చీరల మూట మీద ఉంది. ఒక పక్క గోధుమరంగుకు తిరిగి, కరిగి, వంగిపోయింది. అది సన్నగా గుయ్యిమంటోంది.

"వదినా! ఏందది? తీసెయ్యి!"

"ఏది? అయ్యో, గిదా?" కౌసల్య తాపీగా చెయ్యి చాచి ఆ చార్జరును వట్టి చేత్తో ఎత్తి పక్కన పెట్టింది. ఎత్తిన చేతి నిండా బొబ్బలు. ఒకటి రెండు చితికి తడిగా ఉన్నాయి. ఆ చేత్తోనే హైమవతి చెంప తట్టింది. "గంత బుగులెందుకే? ఫోన్ చేసిన మీ ఆఫీసుకు. ఎవరో పిల్ల, ఎంత మంచిగ మాట్లాడిందో! అచ్చం నీ లెక్కనే మాట్లాడింది."

"మరి మార్చిన్రా?"

"ఏంది మార్చుడు?"

హైమవతి ఆ బొబ్బల చేతిని పట్టుకుని చూసింది. కోపం ఒక్కటే పోయిందనుకుంది ఇన్నాళ్ళూ. కోపం కింద ఏముంటుందో ఆలోచించలేదు. వదిన చార్జరు మీద అరిచింది కోపంతో కాదు, భయంతో. నెమ్మది ఊపిరిని లాగినప్పుడు ఆ భయం కూడా వేళ్ళతో సహా ఊడొచ్చింది. వదిన వేడి పెనాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటుంది, వీధి కుక్కను చూసి జరుగుతుంది, ఒక్క ఆ చార్జరుకే భయపడదు. అది ఆమెకు ఇక ప్రమాదం కాదు. నొప్పి పుడుతోంది, కాని ఆ నొప్పి ఏమీ చెప్పడం లేదు.

ఫోన్ చేసిన ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఇలాగే ఉంటుందన్న ఆలోచన వచ్చింది ఆమెకు. చార్జరు తీసుకుని బయటపడింది. వదిన మాత్రం, "మంచిగ నడిచేదాన్ని తీస్కపోతున్నవ్, రేపటికి తెచ్చియ్యి, పెండ్లి జాకెట్లున్నయి," అని వెనక నుంచి కేకేసింది.

*

పరీక్ష బల్ల దగ్గర ఇంజనీరు జహంగీర్ ఆ చార్జరును విప్పి, తలపట్టుకున్నాడు.

"లోపల తీగచుట్టల నడుమ పోసిన జిగురు మేడం. మన ఎండలకు పొడిపొడై రాలిపోతున్నది. ఇగ మంటొచ్చుడే తరువాయి."

"అయితే సరుకు ఆపండి."

"నేనెట్ల ఆపుత? ఇది మీరు చేతుల పట్టుకొచ్చిన చార్జరు, లెక్కల లేదు. ఒంటికి గాయమైందని ఒక్క వినియోగదారుడు చెప్పి, ఆ ఫిర్యాదు మూతపడకుండ మిగిలితే సాలు, ఆ బాపతు సరుకంత దానంతటదే ఆగిపోతది. అందరి దగ్గరినుంచి వాపసు రావాలె. అది నియమం, భూపాల్ సార్ గూడ ఏం చెయ్యలేడు. గని మూతపడని ఫిర్యాదేది?"

హైమవతి పరుగులాంటి నడకతో భూపాల్ గదికి వెళ్ళింది. నెమ్మదిని ఆపమంది. భూపాల్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆపుడా? మేడం, దీన్ని ఆసుపత్రులోళ్ళు అడుగుతున్నరు, రైల్వే అడుగుతున్నది. ఒక్క చార్జరు చూసి బుగులు పడితే ఎట్ల? మీ వదిన ఏమన్నది, ఫిర్యాదున్నదన్నదా?"

"ఆమెకు ఫిర్యాదు లేకుండ చేసింది మనమే సార్!"

"అదే కదా మన పని," అన్నాడు భూపాల్. వెటకారంగా అనలేదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. మర్నాటికి నెమ్మదిని ఆపే పాస్‌వర్డు మార్చేశాడు.

సరే, ఆ ఫిర్యాదేదో నేనే చేస్తాననుకుంది హైమవతి. ఇంటికి వచ్చి, అడగాల్సినవన్నీ మనసులో వరసగా పేర్చుకుని, సంహిత చార్జరు పేరు మీద ఫోన్ చేసింది. గట్టిగానే మొదలుపెట్టింది. అవతల తన గొంతే, "అవునండీ, అవునండీ," అంది. ఆ కిటుకంతా తెలిసిన మనిషి ఆమె. ఊపిరి ఎక్కడ తగ్గుతుందో, ఏ మాట వెనక ఏ మాట వస్తుందో తనే రాసింది. తెలిసి కూడా జారింది. కాసేపటికి, "సరేనమ్మా, థాంక్స్," అని ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి చాయ్ పెట్టుకుంది. చాయ్ పూర్తయ్యాక గ్లాసు కడుగుతుంటే గుర్తొచ్చింది, తను ఫోన్ చేసింది ఎందుకో. గుర్తొచ్చినా గుండె దడదడలాడలేదు. మాడిన చార్జరు కళ్ళముందుకు తెచ్చుకుంది. చిన్న వస్తువే కదా అనిపించింది. అలా అనిపించినందుకు సింకు దగ్గరే నిలబడి ఏడ్చింది.

భయపడాలని తెలుసు, భయం మాత్రం రావడం లేదు. అది అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

*

వారం తిరక్కుండానే కౌసల్య దుకాణం అంటుకుంది.

హైమవతి చార్జరు తిరిగివ్వలేదు కదా. పెళ్ళి జాకెట్ల తొందరలో కౌసల్య సందు చివర దుకాణంలో అలాంటిదే ఇంకొకటి కొనుక్కుంది, అదే సారణిది. మిట్టమధ్యాహ్నం చీరల మూట కింది నుంచి పొగ లేచింది. పక్కన జిరాక్సు దుకాణం మల్లేశం కేకలేస్తూ వచ్చేసరికి కౌసల్య కుర్చీలో కూర్చుని జాకెట్ కుట్టు చూసుకుంటోందట. మంట చేతి పక్కనే ఉందట. "లేవు అక్కా!" అంటే, "ఈ రెక్క అయిపోనియ్యి తమ్ముడు," అందట. అతను జబ్బ పట్టి ఈడ్చుకొచ్చాడు.

ఆసుపత్రిలో మోచేయి దాకా కట్టుతో పడుకున్న కౌసల్య మరదలిని, మేనకోడలిని చూసి నవ్వింది.

"ఏడుస్తున్నరెందుకే? చేతికి మందు పెట్టిన్రు. దుకాణం పోతే పోయింది, ఇంకోటి పెట్టుకుంట."

"అత్తమ్మా, ఫిర్యాదు చెయ్యి వాళ్ళ మీద. నేను ఫోన్ కలుపుత," అంది సంహిత. చిన్నప్పుడు ఆమెకు ఖోఖో బూట్లు కొనిచ్చింది ఈ అత్తమ్మే.

"ఏమని చెయ్యాలె బిడ్డా? మంచిగనే మాట్లాడుతరు వాళ్ళు."

సంహిత మేనత్త ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ ముఖంలో లేనిదేదో వెతికినట్టు చూసింది. తర్వాత వరండాలోకి వచ్చి తల్లిని నిలదీసింది.

"అత్తమ్మకేం చేసిన్రు?"

హైమవతి చెప్పింది. నెమ్మది సంగతి, మూత సంగతి, మూతపడని ఫిర్యాదు ఒక్కటి ఉంటే చాలన్న సంగతి. తను ఫోన్ చేసి ఓడిపోయిన సంగతి కూడా. వంటింటి గుమ్మం సాయంత్రం గురించి మాత్రం చెప్పలేదు. నోటిదాకా వచ్చింది, మింగేసింది.

"అత్తమ్మ తరఫున మనం చెయ్యొద్దా?"

"ఎవరింటి చార్జరుకు ఆ ఇంటోళ్ళే చెయ్యాలె, వాళ్ళ గొంతుతోనే. కోర్టుకు పోవాలన్నా అత్తమ్మే పోవాలె."

"నాకున్నది కద చార్జరు," అంది సంహిత. చెప్పు విడిచి పాదం చూపించింది. బొబ్బ ఎండి నల్లటి మచ్చయింది. "గాయం గూడ ఉన్నది. నేను చేస్త."

హైమవతికి అప్పుడు వచ్చింది భయం, చార్జరును చూసి రానిది. నెమ్మది సంహిత మీదే మాట్లాడటం నేర్చుకుంది. లోకంలో ఎవరు నిలబడినా నిలబడొచ్చు, ఈ పిల్ల నిలబడటం కష్టం. ఆ యంత్రానికి ఈమె తలుపులన్నీ తెలుసు. మరోపక్క, ఆ గొంతంటే ఇంత చిరాకుపడే మనిషి కూడా ఇంకొకరు లేరు.

"నీ మనసుల ఉన్నదేదన్నా పోతే మళ్ళీ రాదు సంహితా," అంది. "చార్జరంటే భయమొక్కటే కాదు. అత్తమ్మ గురించి ఇప్పుడు నీకున్న కోపం గూడ పోవచ్చు."

"పోనియ్యను," అంది సంహిత.

*

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. ఫోను బల్ల మీద పెట్టి పెద్దగా వినబడేలా చేశారు. సంహిత కూర్చున్నది గుమ్మం దగ్గరి పీట మీద. ఆ చోటు ఆమె కావాలని ఎంచుకోలేదు, ఎండ అక్కడ తక్కువ.

"మీ చార్జరుతోని నా కాలు కాలింది. మా మేనత్త చెయ్యి కాలింది, దుకాణం కాలింది. ఇది మూతేస్తే ఊకోను," అంది సంహిత.

"అవునండీ, అవునండీ, కాలు కాలిందంటే మాటలు కాదండీ," అంది నెమ్మది.

కూతురు తల్లి వైపు చూసింది. గొంతు విన్నది కదా. హైమవతి తల దించుకుంది.

"అవునండీలు వద్దు. సరుకు వాపస్ తీస్కుంటరా లేదా?"

"తప్పకుండా మాట్లాడదామండీ. ఎప్పుడు కాలింది నాన్నా?"

నాన్నా అన్న మాటకు సంహిత భుజం ఒకసారి కదిలింది. కాదు, లేదు అంటూ అరుస్తూనే ఉంది గాని ప్రతి అరుపూ ముందుదానికన్నా పొట్టిగా వస్తోంది. మధ్యలో ఊపిరి పొడవవుతోంది. పిడికిలి విడిపోయి వేళ్ళు ఒళ్ళో వాలాయి. హైమవతి అది చూస్తూ కూర్చుంది. చెయ్యి చాచి ఫోన్ ఆపేస్తే పిల్ల మిగులుతుంది. ఆపేస్తే ఫిర్యాదు మిగలదు, తెగిన ఫోను లెక్కలోకి రాదు. నిజామాబాద్ పెద్దమనిషి, ఇంకా ఎన్ని ఇళ్ళలో ఎంతమంది కూనిరాగాలు తీస్తూ మంట పక్కన కూర్చుంటారో. ఆమె చెయ్యి బల్ల మీద సగం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"మా అత్తమ్మ..." అంది సంహిత. ఆ తర్వాత ఏమనాలో తోచనట్టు ఆగింది. కళ్ళు బరువుగా వాలుతున్నాయి. ముఖంలో ఆసుపత్రిలో కౌసల్య నవ్వు లాంటిది పాకుతోంది.

"ఇది కోపం కాదు నాన్నా," అంది నెమ్మది, అప్పటికి బాగా మెత్తబడి. "అలసట అంతే. ముందు నీళ్ళు తాగు."

సంహిత తల గుమ్మానికి ఆనించబోయింది. ఆనలేదు.

చెక్కకు తల తగలబోయే ఆ క్షణంలో ఆమె ఆగిపోయింది. గుమ్మం చూసింది. గ్యాసు గట్టు చూసింది. ఒకప్పుడు అక్కడ నిలబెట్టి ఉన్న ఫోను ఆమెకు గుర్తొచ్చినట్టుంది. చాలా నెమ్మదిగా తల తిప్పి తల్లిని చూసింది.

"ఈ మాట..." అంది. "అమ్మా, ఈ మాట ఆ రోజు నువ్వన్నదే. క్యాంపు రోజు. అచ్చం గిట్లనే. దీనికెట్ల తెలుసు?"

ఫోన్లో నెమ్మది ఓపికగా ఊపిరి తీస్తూ కాచుకుంది.

హైమవతి ఒక్క అబద్ధం ఆడితే చాలు. యంత్రాలన్నీ అలాగే మాట్లాడతాయిలే అనొచ్చు. పిల్ల నమ్మేస్తుంది, ఇప్పుడు ఏది చెప్పినా నమ్మే స్థితిలోనే ఉంది. నమ్మి గుమ్మానికి తలవాలుస్తుంది. ఫిర్యాదు మూతపడుతుంది, కూతురు తన దగ్గర ఉంటుంది.

"ఫోన్ల రికార్డు చేసినవా?" అంది సంహిత. "నేను ఏడుస్తుంటే?"

హైమవతి కూతురి కళ్ళలోకి చూసి, అవునన్నట్టు తల ఊపింది.

ఆ తర్వాత వచ్చిన అరుపు పక్క వాటా వాళ్ళు కూడా విన్నారు. సంహిత పీట మీద నుంచి లేచి ఫోను చేత్తో పట్టుకుంది. ఇక నెమ్మది ఏమన్నా ఆగలేదు. మంచినీళ్ళంటే, "నువ్వు తాగు!" అంది. నాన్నా అంటే, "నేను నీకేం కాను!" అంది. ఆ మాటలు యంత్రానికి చెబుతోందో తల్లికి చెబుతోందో తెలియదు, చూపు మాత్రం తల్లి మీదే ఉంది. ఖోఖో గురించి అంది. శిబిరానికి వెళ్ళిన స్నేహితురాళ్ళ గురించి అంది. ఇన్నేళ్ళూ గ్రౌండు పక్కనుంచి పోతుంటే తనకేమీ అనిపించకపోవడం గురించి, తను మొద్దుబారిపోయానేమోనని దిండులో ముఖం పెట్టుకుని ఏడ్వడం గురించి అంది. కాలిన కాలు, కాలిన చెయ్యి, అన్నీ కలిపి అంది. హైమవతి ఒక్కమాటకూ అడ్డం రాలేదు. కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

చివరికి గొంతు మార్చి, ముందే రాసిపెట్టిన పొడి వాక్యం ఒకటి చెప్పింది యంత్రం. "మీ ఫిర్యాదు తెరిచే ఉంచుతున్నాం."

అది ఆ నెలలో సారణి కేంద్రంలో మూతపడకుండా మిగిలిన మొదటి ఫిర్యాదు. మధ్యాహ్నానికి జహంగీర్ బల్ల మీద అధికారికంగా సంహిత చార్జరు విప్పారు. సాయంత్రానికి ఆ బాపతు సరుకు ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. సారణి మనుషులు ఇంటింటికీ తిరిగి చార్జర్లు వెనక్కి తీసుకున్నారు. చాలా ఇళ్ళలో ఇవ్వం పొమ్మని మొండికేశారట, బాగానే పనిచేస్తుంది కదా అని. భూపాల్‌ను పై ఆఫీసు వాళ్ళు పిలిపించారు. నెమ్మదిని ఆపారు గాని తీసేయలేదు, ఆసుపత్రులవాళ్ళు ఇంకా అడుగుతూనే ఉన్నారట. హైమవతి ఉద్యోగం మానేసింది.

*

సంహిత ఆ ఫోన్ చేసిన రోజే బట్టలు సర్దుకుని మేనత్త ఇంటికి వెళ్ళిపోయింది. అత్తమ్మకు చెయ్యి బాగయ్యేదాకా సాయముంటానంది తండ్రితో. తల్లితో ఏమీ అనలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఎండలు తగ్గి మొదటి వాన పడ్డాక హైమవతి అక్కడికి వెళ్ళింది. అరుగు మీద కౌసల్య కూర్చుని ఎడమ చేత్తో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కుడి చేతి మూడు వేళ్ళు ఇంకా వంగడం లేదు, వంగుతాయో లేదో డాక్టరు చెప్పలేదు. ఆ చేత్తో డిజైన్లు గీసేది.

"రా హైమా, కూర్చో," అంది నవ్వుతూ. ఆ నవ్వు చూడలేక హైమవతి లోపలికి వెళ్ళింది.

సంహిత కిటికీ దగ్గర ఖోఖో బూట్లకు లేసులు ఎక్కిస్తోంది. పాతవి, చిన్నప్పటివి, ఇప్పుడు కాలికి పట్టవు. తల్లిని చూసి చేతులు ఆపింది.

"నాన్నా, నేను..." అంది హైమవతి.

అదే గొంతు. ఆమెకున్నది ఒక్కటే గొంతు మరి. తనకు తెలియకుండానే మాట మెత్తబడింది, ఊపిరి పొడవైంది. చూస్తుండగానే కూతురి భుజాలు కొద్దిగా దిగాయి, బిగిసిన దవడ వదులైంది. ఇంకో నాలుగు మాటలు చాలు. పిల్ల వచ్చి ఒళ్ళో తల పెట్టుకుంటుంది, సరే అమ్మా అంటుంది, రాత్రికి ఇంటికి వచ్చి అన్నం తింటుంది. హైమవతికి ఆ తల బరువు ఒళ్ళో తెలిసినంత పనైంది. ఈ లోకంలో ఆమెకు ఇంకేదీ అంతగా అక్కర్లేదు.

ఆమె నోరు మూసుకుంది.

వాక్యం సగంలోనే ఉండిపోయింది. సంహిత కాసేపు చూసింది. దిగిన భుజాలు మళ్ళీ పైకి లేచాయి.

"ఆగినవేంది? అను," అంది. "చెప్పుకోవడానికి వచ్చినవ్ కద, అను!"

హైమవతి తల అడ్డంగా ఊపింది. వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చుంది. కూతురి వైపు చెయ్యెత్తి, నువ్వే చెప్పు అన్నట్టు చూపించింది.

సంహిత బూటును గోడకేసి కొట్టింది. మొదలుపెట్టింది.

అరుగు మీద నుంచి కౌసల్య, "ఏందే ఆ లొల్లి? మంచిగ మాట్లాడుకోరాదుండ్రి!" అంటూనే ఉంది. లోపల పిల్ల గొంతు పెరుగుతూ పోయింది. చిక్కుడుకాయలు అయిపోయాయి, వాన మళ్ళీ పట్టింది, సంహిత ఇంకా ఆపలేదు. హైమవతి నీళ్ళు తాగమని అనలేదు.